సీకు మీద రొయ్య... పులుపు, తీపి, కారం మన పెరటిదే

మెట్టుగూడ (సికింద్రాబాద్): సాయంత్రం ఆరు దాటితే చాలు, మెట్టుగూడలో మెట్రో స్తంభాల వెంట తినుబండారాల బండ్లు వెలుగుతాయి. రైల్వే క్వార్టర్ల వాళ్లు, అలుగడ్డ బావి వైపు నుంచి వచ్చేవాళ్లు, డ్యూటీ దిగి ఉప్పల్ దారి పట్టినవాళ్లు అక్కడ ఆగుతుంటారు. అందులో ఒక బండి దగ్గర మొన్న ఓ గంటసేపు నిలబడ్డాను. సన్నటి ఇనుప సీకులకు అయిదేసి రొయ్యలు గుచ్చి, నిప్పుల మీద అటూ ఇటూ తిప్పి, దించబోయే ముందు కుంచెతో ఎర్రటి సాస్ పూసి చేతికిస్తున్నాడు. గిరాకీ బాగానే ఉంది. సాస్ సీసా మీద కంపెనీ పేరు లేదు. అడిగితే, "ఇంట్ల చేసిందే సార్. టమాటా, చింతపండు, బెల్లం. కొన్నదైతే ఏం మిగుల్తది?" అన్నాడు.

సీకు ధర విన్నాక నాకు ముందుగా మా బావమరిది గుర్తొచ్చాడు. ఆకివీడు దగ్గర ఆయనకు రెండెకరాల చెరువుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కొనుగోలుదారులు కౌంటు ధరలు తగ్గించేశారు. మేత బాకీ తీరకుండానే ఆయన సరుకు పట్టేయాల్సి వచ్చింది. మన దేశంలో సాగయ్యే రొయ్యలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. సముద్రం అవతల ఎవరో ఒక సంతకం పెడితే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోతుంది. మన ఊళ్లో మనమే తినే రొయ్యకు ఆ బాధ కొంతైనా తక్కువ.

తెలంగాణలో సముద్రం లేకపోయినా ఊరి చెరువులున్నాయి, పొలాల్లో సేద్యపు కుంటలున్నాయి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి వైపు కుంటల్లో చేప పిల్ల వదిలిన చిన్న రైతులు పట్టుబడి రోజున దళారీ చెప్పిన రేటుకు ఇచ్చేసి ఊరుకుంటున్నారు. పట్టిన చేపంతా కాల్చి అమ్మమని ఎవరూ చెప్పరు, అది జరిగే పని కాదు. పది కిలోల్లో రెండు కిలోలైనా సీకు మీదికి ఎక్కిస్తే ఎంత మిగులుతుంది, ఎక్కడ నష్టం వస్తుంది అన్నదే ఇక్కడ చూద్దాం.

ఏది గుచ్చాలి, ఏది గుచ్చకూడదు

నిప్పుల మీద చేప కాల్చడం మనకు కొత్త కాదు. కోతల కాలంలో మడిలో దొరికిన చేపకు ఉప్పు కారం రాసి, వరిగడ్డి మంటలో కాల్చుకుని తిన్న వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సీకుకు గుచ్చేటప్పుడు మాత్రం చేపను ఎంచుకోవాలి. సీకు మీది ముక్కను మనిషి నిలబడి, కబుర్లు చెబుతూ, చూడకుండా నోట్లో పెట్టుకుంటాడు. ముల్లు గుచ్చుకుందంటే మళ్లీ మీ బండి దగ్గరికి రాడు.

రవ్వ (కోస్తాలో శీలావతి అంటారు), బొచ్చె, మోసు, బంగారుతీగ చేపల వీపు కండలో, తోక కండలో సన్నటి చీలిక ముళ్లుంటాయి. అవి పులుసుకే మేలు. మూడు నాలుగు కిలోలు దాటిన బొచ్చెలో పొట్ట భాగాన్ని విడిగా కోస్తే పక్కటెముకలు తప్ప సన్న ముళ్లుండవు కాబట్టి దాన్ని వాడుకోవచ్చు. సీకుకు అన్నిటికన్నా కొర్రమీను బాగుంటుంది. కండ గట్టిది, నడి ముల్లు తీసేస్తే సన్న ముళ్ల బాధ లేదు, నిప్పుల మీద విరిగి రాలిపోదు. తెలంగాణ ఏర్పడ్డాక 2016లో దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించారు. ధర ఎక్కువ, తల, చర్మం, ముల్లు పోగా కండ సగానికి తక్కువే వస్తుంది. చవకలో చెయ్యాలనుకుంటే పంగాస్, తిలాపియా. పంగాస్‌లో ముల్లు తక్కువే కానీ కండ మెత్తన, కొవ్వు జాస్తి. ముక్క పెద్దదిగా కొయ్యాలి, లేకపోతే సీకు నుంచి జారి బొగ్గుల్లో పడుతుంది. సముద్రపు చేపల్లో వంజరం, పండుగప్ప ఇందుకు బాగా కుదురుతాయి.

ఇక రొయ్య. మన కుంటల్లో తెల్ల చేపలతో కలిపి పెంచుకునేది నీలకంఠ రొయ్య. చూడ్డానికి పెద్దదే కానీ బరువులో సగానికి పైగా తలలోనే పోతుంది. వలిచాక చేతికొచ్చే కండ తక్కువ. ఇంకో చిక్కుంది. నీలకంఠ చచ్చాక దాని తలలోని జీర్ణరసాలు వెనక కండలోకి దిగి మెత్తబరుస్తాయి. పట్టిన వెంటనే మంచులో వేసి, వీలైనంత త్వరగా తల తీసేస్తే కండ గట్టిగా నిలుస్తుంది. సాయంత్రం దాకా బుట్టలో ఉంచి తర్వాత ఎంత మసాలా పూసినా అది పిండి ముద్దలాగే ఉంటుంది. కోస్తా నుంచి లారీల్లో మంచు వేసుకుని వచ్చేది వెనామీ. 2009లో మన దేశంలో దీని సాగుకు అనుమతి ఇచ్చినప్పటి నుంచి టైగర్ రొయ్యను పక్కకు నెట్టేసింది. మెట్టుగూడ బండి మీద ఉన్నదీ అదే. దగ్గర్లోని రాంనగర్ చేపల మార్కెట్ నుంచి పొద్దున్నే తెస్తాడట.

సీకుకు 30 నుంచి 40 కౌంటు రొయ్య సరిపోతుంది. 40 కౌంటు అంటే కిలోకు 40, ఒక్కోటి తలతో 25 గ్రాములు. తల, పొట్టు తీస్తే సుమారు సగం. అంటే కిలో రొయ్యకు అయిదేసి చొప్పున 8 సీకులు. 70, 80 కౌంటు చిన్న రొయ్య నిప్పు తగలగానే ఎండిపోయి రబ్బరులా సాగుతుంది. అది వేపుడుకే.

తెల్లమచ్చ వచ్చిన చెరువులో హడావుడిగా పట్టిన రొయ్య తినొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఆ వైరస్ మనుషులకు సోకదు. సరుకు తాజాగా ఉండి, మంచులో ఉంటే తినడానికి భయం లేదు. భయమల్లా మందులతోనే. నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్స్ వాడిన చెరువు రొయ్యను ఇంటికైనా, బండికైనా తేవద్దు. నిప్పు మీద కాల్చినంత మాత్రాన ఆ మందు అవశేషాలు పోతాయని నమ్మకూడదు. సొంత చెరువు సరుకులో ఉన్న లాభం ఇదే, ఏం వాడామో మనకు తెలుసు.

మంచు దగ్గర పిసినారితనం వద్దు

2018 జులైలో ఆంధ్ర నుంచి వెళ్లిన చేపల్లో ఫార్మలిన్ ఉందన్న గొడవ లేచి అస్సాం, గోవా రాష్ట్రాలు దిగుమతి ఆపేశాయి. ఎవరో కొందరు మంచు ఖర్చు మిగుల్చుకోబోయారన్న అనుమానానికి చెరువుల రైతులందరూ దెబ్బతిన్నారు. ఎండాకాలంలో కిలో సరుకుకు కిలో మంచు లెక్కన వెయ్యాలి. చలికాలంలో కొంత తగ్గినా ఫరవాలేదు. కింద ఒక పొర మంచు, పైన సరుకు, మళ్లీ మంచు. కరిగిన నీళ్లు బయటికి పోయేలా డబ్బా అడుగున బెజ్జం ఉండాలి. ఆ నీళ్లలోనే సరుకు నానితే రుచి పోతుంది, వాసన పడుతుంది.

వలిచిన రొయ్యకు వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్లటి పేగు లాగేయాలి. అది తీయకపోతే నోట్లో ఇసుక తగులుతుంది. తోక చివర పొట్టు ఉంచితే చూడ్డానికి బాగుంటుంది, పట్టుకోవడానికీ వీలు. ఆ తర్వాత ఒక్కసారి చల్లటి నీళ్లలో కడిగి, బట్టతో తడి లేకుండా అద్దాలి. తడి ఉంటే మసాలా పట్టదు, నిప్పు మీద రొయ్య కాలకుండా ఉడుకుతుంది.

ఊరబెట్టే మసాలా తేలిగ్గానే ఉండాలి. కిలో కండకు అల్లం వెల్లుల్లి ముద్ద 30 గ్రాములు, ఉప్పు 15 గ్రాములు, పసుపు చిటికెడు, కారం ఒక పెద్ద చెంచా, మిరియాల పొడి అర చెంచా, నువ్వుల నూనె గానీ పల్లి నూనె గానీ రెండు పెద్ద చెంచాలు. నిమ్మరసం మాత్రం కాల్చే ముందు పావుగంట, మహా అయితే అరగంట. పులుపులో ఎక్కువసేపు నానిన రొయ్య నిప్పు తగలకముందే తెల్లబడి బిరుసెక్కుతుంది. మటన్‌కు రాసే అలవాటుతో కొందరు పచ్చి బొప్పాయి ముద్ద రాస్తారు. రొయ్యకు, చేపకు అది అసలు వద్దు. ముద్దయి సీకు నుంచి ఊడిపోతుంది.

సాస్ ఇలా

బజారు బార్బెక్యూ సాస్‌లో ఉండేది ఏమిటని చూస్తే, టమాటా గుజ్జు, చక్కెర, వెనిగర్, ఉల్లి, వెల్లుల్లి, కొంచెం కారం, కొంచెం పొగ వాసన. అమెరికా వాళ్లు చెరకు మడ్డి వేస్తారు. మనకు బెల్లం ఉంది. చింతపండు ఉండనే ఉంది. టమాటా సంగతి రైతుకు చెప్పేదేముంది! 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటి ఎక్కడికో పోయిన పంట, రెండు నెలలు తిరిగేసరికి కొనే దిక్కు లేకుండా పడిపోయింది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో మిగిలిపోయిన, కుళ్లిన కూరగాయలతో గ్యాస్, కరెంటు తయారు చేస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా చెప్పారు. మంచి పనే. అయినా కుళ్లకముందే మన పొయ్యి మీదికి ఎక్కితే రైతుకు ఇంకా మంచిది కదా.

బాగా పండిన టమాటాలు 2 కిలోలు, ఉల్లిగడ్డలు పావు కిలో, వెల్లుల్లి 50 గ్రాములు, గింజ తీసిన చింతపండు 100 గ్రాములు, బెల్లం పావు కిలో, ఎండు మిరపకాయలు 15, ఉప్పు 35 గ్రాములు, లవంగాలు 4, చిన్న దాల్చినచెక్క ముక్క, ఆవాల పొడి ఒక చెంచా, వెనిగర్ అర గ్లాసు. నాటు టమాటా పులుపెక్కువ, హైబ్రిడ్ అయితే చింతపండు కొంచెం పెంచుకోవాలి.

ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయల్ని నేరుగా నిప్పుల మీద పైపైన నల్లబడేలా కాల్చండి. సాస్‌కు పొగ వాసన ఇక్కడి నుంచే వస్తుంది, దానికి వేరే సీసా కొనక్కర్లేదు. టమాటాల్ని ముక్కలు కోసి ఉడికించి, కాల్చినవాటితో కలిపి రుబ్బి, జల్లెడ పట్టాలి. తొక్కలు, గింజలు పోతాయి. ఈ గుజ్జులో చింతపండు రసం, బెల్లం, ఉప్పు, దినుసుల పొడి వేసి సన్న సెగ మీద కలుపుతూ ఉండాలి. టమాటాలో వంద పాళ్లకు 94 పాళ్ల దాకా నీరే, అందుకే గంటకు పైగా పడుతుంది. చుక్క తీసి పళ్లెంలో వేసి వంచితే చుట్టూ నీరు ఊరకుండా, ముద్ద మెల్లగా జారాలి. అప్పుడు వెనిగర్ పోసి రెండు పొంగులు రానిచ్చి దించెయ్యాలి. ఇంచుమించు కిలో సాస్ వస్తుంది. స్టీలు గిన్నె గానీ మట్టి కుండ గానీ వాడండి. ఇత్తడి, అల్యూమినియం పాత్రలు పులుపుకు కరుగుతాయి.

సీసాల్ని నీళ్లలో పది నిమిషాలు మరిగించి ఆరబెట్టి, సాస్ వేడిగా ఉండగానే నింపి మూత బిగించాలి. తీసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో వాడేసుకోవాలి. చింతపండు, వెనిగర్ తగ్గించి తియ్యటి సాస్ చేద్దామని చూడొద్దు. ఆ పులుపే సాస్‌ను కాపాడేది. పులుపు తగ్గి మూత బిగిసి ఉన్న సీసాలో కంటికి కనపడని, వాసనకు తెలియని విషం పుట్టే అవకాశం ఉంటుంది. నురగ వచ్చినా, మూత ఉబ్బినా రుచి కూడా చూడకుండా పారెయ్యాలి.

నిప్పు ఎంత ఉండాలి

మెట్టుగూడ బండి మీద సర్కారు తుమ్మ బొగ్గు వాడుతున్నారు. మన గట్ల వెంట ముల్లకంపగా పెరిగిపోయిన ఆ చెట్టు బొగ్గు గట్టిది, ఎక్కువసేపు ఉంటుంది. చింత, తుమ్మ బొగ్గయినా బాగుంటుంది. రంగులు పూసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, టైరు, ప్లాస్టిక్ రాజేయడానికి కూడా వాడొద్దు. కిరోసిన్ పోస్తే వాసన చేపకు పట్టేస్తుంది. కొబ్బరి పీచుతోనో, ఎండు కంపతోనో రాజేసి విసనకర్రతో విసరండి.

మంట ఆరి, బొగ్గు మీద బూడిద తెల్లగా పొర కట్టాకే సీకులు పెట్టాలి. అరచేతిని నిప్పుకు జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తులో పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మూడు నాలుగు అనేసరికి చెయ్యి తీసేయాల్సి వస్తే సెగ సరిగ్గా ఉన్నట్టు. వెదురు పుల్లలు వాడేవాళ్లు అరగంట ముందు నీళ్లలో నానబెట్టాలి. ఒక్కో సీకుకు రెండు పుల్లలు పక్కపక్కన గుచ్చితే తిప్పేటప్పుడు రొయ్య ఉన్నచోటే గిరగిరా తిరగదు.

40 కౌంటు రొయ్యకు ఒక్కో వైపు రెండు నిమిషాలు, కొంచెం పెద్దదైతే మూడు. అంగుళం మందం కొర్రమీను ముక్కకు అంతా కలిపి ఎనిమిది, పది నిమిషాలు. ఆఖరి నిమిషంలో సాస్ పూసి, ఒక్కసారి తిప్పి దించాలి. ముందే పూస్తే బెల్లం నల్లగా మాడి చేదెక్కుతుంది. ఈ సంగతి తెలియక నేను మొదటిసారి ఇంటి డాబా మీద చేసిన పన్నెండు సీకులూ బయట బొగ్గు, లోపల పచ్చి. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంటుంది.

కాలిందో లేదో రొయ్య వంపే చెబుతుంది. కొడవలిలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, ఉంగరంలా చుట్టుకుంటే ఎక్కువైనట్టు. లోపల గాజులా కనపడే కండ పాలలా తెల్లబడాలి. థర్మామీటరు ఉన్నవాళ్లకు 63 డిగ్రీల సెల్సియస్ గుర్తు. పచ్చి రొయ్య ఊరిన మసాలాను కాలిన రొయ్యకు పూయొద్దు. పచ్చిదానికి ఒక గిన్నె, ఒక కుంచె, కాలినదానికి వేరే గిన్నె, వేరే కుంచె. బండ్ల దగ్గర ఎక్కువగా తప్పేది ఇక్కడే, కడుపు నొప్పులు వచ్చేదీ ఇక్కడి నుంచే. రొయ్య పడనివాళ్లు కొందరుంటారు, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. చేప, రొయ్య ఒకే జాలీ మీద కాలుస్తుంటే ఆ ముక్క గిరాకీకి ముందే చెప్పాలి.

వాన పడుతోందనో, చలి అనో బొగ్గుల కుంపటిని గదిలో పెట్టి తలుపులు వెయ్యడం ప్రాణాపాయం. నిప్పు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ వాయువు వస్తూనే ఉంటుంది. వాసన ఉండదు. నిద్రలోనే మనిషి పోతాడు. పని అయ్యాక నిప్పు మీద నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పాకే కుంపటి లోపలికి తేవాలి.

మిగిలేదెంత

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. రేట్లు ఊరినిబట్టి మారతాయి, మీ రేట్లు పెట్టుకుని మీరే మళ్లీ వేసుకోండి. కిలో 40 కౌంటు రొయ్య 350 రూపాయలు అనుకుందాం. బొగ్గు 40, సాస్, మసాలా, నూనె 50, మంచు 20, విస్తర్లు, కాగితాలు 20. మొత్తం 480. ఎనిమిది సీకులు 90 చొప్పున అమ్మితే 720. మిగిలింది 240. ఇందులోనే మన కూలి. రెండు సీకులు అమ్ముడుపోలేదా, చేతికొచ్చేది 540, మిగిలేది 60. మూడు మిగిలిపోతే చేతి డబ్బే 30 పోతుంది. అంటే లాభం, నష్టం అన్నీ ఆ ఆఖరి మూడు సీకుల దగ్గరే తేలతాయి. మెట్టుగూడ బండి ఆయన ఈ లెక్క కాగితం మీద వేయలేదు కానీ బాగా ఎరిగినవాడు. ముందే గుచ్చి పెట్టడు. గిరాకీ నిలబడ్డాకే మంచు డబ్బా మూత తీస్తాడు. "గుచ్చి మసాలా పెట్టినంక మల్ల ఎవరు కొంటరు సార్? మంచుల ఉంటే పొద్దుగాల కూరకన్న అమ్ముకుంట" అన్నాడు.

సొంత చెరువు సరుకైతే 350 బదులు గట్టు ధర వేసుకోవాలి. అక్కడ రైతుకు కొంత వెసులుబాటు దొరుకుతుంది. అయితే ఒక్కరోజే చెరువంతా పట్టకుండా, విసురు వలతో వారానికి రెండుసార్లు నాలుగైదు కిలోలు పట్టుకునే వీలుండాలి. ఇది చిన్న కుంటలకే కుదురుతుంది.

కొత్తగా దిగేవాళ్లు వెంటనే బండి కొనొద్దు. ఊరి సంత రోజున, జాతరకు, మృగశిర కార్తెకు కుంపటి పెట్టి చూడండి. జూన్ మొదటి పక్షంలో మృగశిర వచ్చిందంటే చేప తినని ఇల్లుండదు. ఆ రోజు రాంనగర్ మార్కెట్లో అడుగు పెట్టే సందుండదు. నాలుగైదు చోట్ల అమ్ముడుపోతేనే ముందుకు వెళ్లాలి.

అప్పుడు కాగితాల పని. ఆహార భద్రతా చట్టం (2006) కింద చిన్న వ్యాపారి కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చేపల దుకాణం, మంచు డబ్బా ఉన్న మోటారు సైకిల్, ఆటోలాంటి వాటికి 2020 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాయానికి చోటు పెట్టారు. సాధారణ వర్గాలకు యూనిట్ ఖర్చులో 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. మీ జిల్లాలో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా, ఏ యూనిట్లకు డబ్బుంది అన్నది జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగాలి. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం, కుల ధ్రువపత్రం నకళ్లు చేతిలో పెట్టుకుని వెళితే రెండోసారి బస్సు ఛార్జీ మిగులుతుంది. సబ్సిడీ డబ్బు ముందే చేతికి వస్తుందని లెక్క వేసుకుని వడ్డీకి తేవద్దు.

సాస్ సంగతి ఇంకొకటి. సీకు అమ్మలేకపోయినా మహిళా సంఘాల వాళ్లు ఈ సాస్ చేసి బండ్ల వాళ్లకు వెయ్యొచ్చు. మెట్టుగూడ ఆయన్ని అదే అడిగాను. వారానికి మూడు కిలోలు తనకు పడుతుందట, ఇంట్లో చేసే తీరిక భార్యకు ఉండటం లేదట. "గిదే పులుపుంటే, గిట్లనే చిక్కగుంటే ఎవరిచ్చినా తీసుకుంట" అని సీసా మూత తీసి నా చేతిలో చుక్క వేశాడు.